జాకెట్టు ముక్కలు

నా ట్రంకుపెట్టెలో ఇరవై మూడు జాకెట్టు ముక్కలున్నాయి.
ఒక్కటీ జాకెట్టు కాలేదు.
సీమంతాల్లో చేతికొచ్చినవి,
కొత్తిళ్లలో అరటిపళ్ల కింద దాక్కుని వచ్చినవి.
మేం బొట్టు పెట్టించుకోం గానీ
గుడ్డ మాత్రం కాదనం.
మరొకరికిచ్చేద్దామని
మడత విప్పకుండా దాచినవన్నీ
కాశీబుగ్గంతా తిరిగి తిరిగి
కాళ్లు పీకి, నా దగ్గర కూలబడ్డాయి.

రేపు మధ్యాహ్నం దాకా పని, ఎల్లుండి క్రిస్మస్.
పిక్కల బట్టీ పొగ చీరని పట్టుకుని
నాతోపాటే ఇంటికొచ్చింది.
బల్లమీద నా వరసలో ఆరుగురు.
కేకు కొంటే సాయంత్రానికి ఉండదు.
సంచులైతే ఉంటాయి:
మూతికి నాడా, లోపల తెల్ల అస్తరు.

తవిటమ్మకి పొడుగ్గా.
చుట్ట పడుకోవాలి, అగ్గిపెట్టె నిలబడాలి.
నిప్పు నోట్లో పెట్టుకు తాగే మనిషి,
"నా నోటికేటీ అవదు గానీ
నీ గుడ్డ కాలిపోద్దేమో సూడే" అంటుంది.

సుభద్రకి వెడల్పుగా.
వాళ్లాయన మందుల చీటీలు, డయాలసిస్ పుస్తకం,
వారానికి రెండుసార్ల బస్సు టిక్కెట్లు.
పువ్వుల గుడ్డ తీశాను.
బాగుండదేమోనని నీలం తీశాను.
మళ్లీ పువ్వులదే తీశాను.

బృందావతికి ఫోను సంచి.
మా అబ్బాయి ఫోను కొలత పెట్టి కుట్టాక గుర్తొచ్చింది,
దానిది మీటలు నొక్కే బుల్లి ఫోను.
పెద్దమంచం మీద చంటిపిల్లలా
దొర్లుతుంది పోనీ.

అక్కచెల్లెళ్లిద్దరికీ ఒకే తాను ముక్క.
అంగుళం తేడా వచ్చినా
ఏడాదంతా బల్ల రెండవుతుంది.

హైమావతికి ఎంత కొలత?
పదకొండేళ్లుగా మోచెయ్యి మోచెయ్యి తగులుతూ కూర్చున్నాం.
ఆవిడ కొంగుముడిలో ఏముందో
నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు.
అరచేతిలో ఇమిడేంత కుట్టాను.

మా అత్తగారి మిషను కిర్రుమంటే
పక్కింటి కుక్క జవాబు చెబుతోంది.
రెండింటికి ఎర్రదారం అయిపోతే పచ్చది ఎక్కించాను.
నిద్రమత్తులో ఒకదానికి మూతి కూడా కుట్టేశాను.
బ్లేడు వెతుకుతుంటే నవ్వొచ్చింది.
ఇలాగే ఉంచేసి మేస్త్రీకిస్తేనో,
రోజూ తూకం తక్కువనే ఆ నోటికి గుర్తుగా!
ఇవ్వలేదనుకోండి. విప్పి, నాడా దూర్చాను.

జీడినూనె తిన్న వేళ్లు నావి.
ఆముదం రాసినా బూడిద తోమినా
గోటికింద నలుపు కాపురం ఖాళీ చెయ్యదు.
ఎంత కడిగి కూర్చున్నా
తవిటమ్మ సంచి తెల్ల అస్తరు మీద
బొటనవేలు పడనే పడింది.
రేషను మిషను మీద ఎన్నిసార్లు నొక్కినా
మళ్లీ పెట్టమ్మా, మళ్లీ పెట్టు అనిపించుకుని
వరస చివరికి పోయి నిలబడే వేలు.
ఇక్కడా గీతల్లేవు.
నున్నగా, పిక్కంత మచ్చ.
మార్చడానికి గుడ్డ లేదు, తెల్లారిపోతోంది.

టీ వేళకి పంచాను.
సుభద్ర పువ్వుల్ని తడిమి
"మా కోడలి సీమంతంలో నేనిచ్చిందే కదే ఇది!"
నా మొహం చూసి, అంతలోనే
"నాకూ ఎవరో ఇచ్చిందేలే" అంది.
బల్లంతా నవ్వింది.
ఆ నవ్వులో తవిటమ్మ సంచి తిరగేసింది,
వెలుగుకి పెట్టి మచ్చ చూసింది.
"ఇటియ్యప్పా, అస్తరు మార్చి తెస్తాను."
"ఒగ్గీ. నీ ఏలే గదేటి."
చుట్టని లోపల పడుకోబెట్టి
నాడా లాగేసింది.

గంట కొట్టారు. గ్లాసులు కడిగాం.
హైమావతి ఒక్కతీ గోడవైపు తిరిగి
కొంగుముడి విప్పుతోంది.
పంటితో గట్టిగా లాగాల్సొచ్చింది,
ఏళ్లనాటి ముడిలా ఉంది.
నేను పిక్కల బుట్ట దగ్గరికి జరుపుకుని
ఆవిడ వచ్చి కూర్చునేదాకా
అటు చూడలేదు.